తుమ్మచెట్టు పేరు ఎవరు మార్చారు?

వృక్షశాస్త్రం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: నల్లతుమ్మను చిన్న తరగతుల్లో అకేసియా అరబికా అని చదివాను. డిగ్రీలో అకేసియా నిలోటికా అన్నారు. ఇప్పుడు ఎం.ఎస్సీ.లో మా మేడమ్ వాచెలియా నిలోటికా అని రాయమంటున్నారు. చెట్టు అదే, ముల్లూ అదే. పేరు మాత్రం ఎందుకు మారుతోంది? పరీక్షలో ఏది రాయాలి?
– ఎం.ఎస్సీ. విద్యార్థి, కర్నూలు

సమాధానం: ముందు పరీక్ష సంగతి చూద్దాం. మీ సిలబస్‌లో అచ్చయిన పేరు రాసి, రెండో పేరును పక్కనే పర్యాయనామంగా చూపండి. పేపరు దిద్దేవారు పాత తరం వారైనా కొత్త తరం వారైనా మీ మార్కు ఎక్కడికీ పోదు.

ఇక మార్పుల సంగతి. అరబికా పోయి నిలోటికా రావడం తేలికగా అర్థమయ్యేదే. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లోనే ఈ చెట్టుకు నిలోటికా అన్న జాతిపేరు (శాస్త్రీయ నామంలో రెండో మాట) పెట్టాడు, అరబికా ఆ తరువాత వచ్చింది, ముందు ప్రచురించిన పేరుదే హక్కు. రెండో మార్పు మాత్రం పెద్ద తగవు. అందులో కక్షిదారు మన నల్లతుమ్మే. వృక్ష నామకరణ నియమావళి ప్రకారం ప్రతి ప్రజాతి పేరూ (శాస్త్రీయ నామంలో మొదటి మాట) ఏదో ఒక జాతికి ముడిపడి ఉంటుంది. దానిని టైపు జాతి అంటారు. ప్రజాతిని చీల్చవలసి వచ్చినప్పుడు టైపు జాతి ఏ వాటాలో పడితే పాత పేరు ఆ వాటాకే దక్కుతుంది. 1754లో ఫిలిప్ మిల్లర్ ప్రచురించిన అకేసియా ప్రజాతికి టైపుగా నిలిచింది నల్లతుమ్మే. తరువాతి పరిశోధనల్లో అకేసియా అంతా ఒకే వంశం కాదని, దానిని చీల్చక తప్పదని తేలింది. నియమాన్ని అనుసరించి ఉంటే ఆ పేరు మన తుమ్మలకే మిగిలి, ఆస్ట్రేలియాలోని సుమారు వెయ్యి జాతులు పేరు మార్చుకోవలసి వచ్చేది. అన్ని పేర్లు మార్చేకన్నా టైపునే మార్చడం మేలని 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ ఒక ఆస్ట్రేలియా జాతిని టైపుగా నిర్ణయించింది. ఎందరు అభ్యంతరపెట్టినా 2011లో మెల్బోర్న్ సభ ఆ నిర్ణయాన్నే ఖాయం చేసింది. ఆ విధంగా నల్లతుమ్మ, తెల్లతుమ్మ వాచెలియాలోకి, కాచు తీసే చండ్ర సెనెగాలియాలోకి వెళ్లాయి. రోడ్ల పక్కన నాటిన ఆస్ట్రేలియా తుమ్మ మాత్రం అకేసియా ఆరిక్యులిఫార్మిస్‌గా నిక్షేపంగా ఉండిపోయింది. ఓట్ల లెక్కతో వచ్చిన ఆ తీర్పు నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తరగతిలో మాత్రం కొత్త పేరే చెబుతాను.

ఇంకో దావాలో గెలుపు మనవైపే ఉందని చెబితే మీకు కొంత ఊరటగా ఉండవచ్చు. 2022లో ప్రోసోపిస్ ప్రజాతినీ ఇలాగే విడగొట్టారు. దాని టైపు మన జమ్మిచెట్టు కావడంతో జమ్మి ప్రోసోపిస్ సినరేరియాగానే మిగిలింది, సర్కారు తుమ్మ ఆ ఇంటిపేరు పోగొట్టుకుని నెల్టూమా జూలిఫ్లోరా అయింది.

ప్రశ్న: ఉల్లి వేరు కొనతో సమవిభజన ప్రాక్టికల్ మూడుసార్లు చేశాను. ప్రతిసారీ గుండ్రటి కేంద్రకాలే తప్ప క్రోమోజోములు కనిపించలేదు. చివరకు రికార్డులో పుస్తకం చూసి బొమ్మలు వేశాను. తప్పు ఎక్కడ జరుగుతోంది?
– బి.ఎస్సీ. విద్యార్థిని, నల్లగొండ

సమాధానం: రికార్డు విషయంలో మీ నిజాయితీ నచ్చింది. పుస్తకం బొమ్మలతో రికార్డు నింపడం నా విద్యార్థి దశలోనూ ఉండేది, నేనూ చేశాను.

పొరపాటు చాలావరకు బ్లేడు దగ్గరే జరుగుతుంది. వేరు అంగుళం పొడవు పెరిగింది కదా అని ఆ ముక్కంతా స్లైడు మీదికి తెస్తారు. కణాలు విభజన చెందేది కొనలో ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర మాత్రమే. ఆపైన ఉన్నవి సాగే కణాలు, వాటిలో మీరు ఎంత వెదికినా క్రోమోజోములు దొరకవు. రంగు పట్టించాక చూడండి, కొన మిగతా వేరు కంటే ముదురుగా ఉంటుంది. ఆ ముదురు ముక్కను మాత్రమే ఉంచి తక్కినదంతా కోసి పారేయండి.

రెండోది వేళ. ఉల్లిగడ్డ అడుగున ఉన్న ఎండు వేళ్లు చెక్కేసి, నీళ్లు నింపిన సీసా మూతి మీద అడుగు మాత్రమే తగిలేలా కూర్చోబెడితే నాలుగైదు రోజుల్లో తెల్లటి కొత్త వేళ్లు దిగుతాయి. వాటిని ఉదయం పూట కోసి, మూడు పాళ్ల ఆల్కహాలు, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో వెంటనే వేయాలి. మధ్యాహ్నం ప్రాక్టికల్ మొదలయ్యాక అప్పటికప్పుడు కోసిన వేళ్లలో మీ అదృష్టం ఎలా ఉంటుందో చెప్పలేను. మరునాడు వాటిని గోరువెచ్చని పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కొద్ది నిమిషాలు మెత్తబరచి, కడిగి, ఎసిటోకార్మిన్ అనే రంగు వేసి, స్లైడును స్పిరిట్ దీపం మీద మూడు నాలుగుసార్లు అటూ ఇటూ ఆడించండి. రంగు మరగకూడదు, స్లైడు అడుగు భాగాన్ని చేతి వెనుక వైపుకు తాకించినప్పుడు చురుక్కుమనకుండా వెచ్చగా ఉంటే చాలు. కవర్ స్లిప్ పెట్టి పైన అద్దుడు కాగితం మడిచి, బొటనవేలితో నిలువుగా నొక్కండి. వేలు పక్కకు జరిగిందా, కణాలన్నీ చాపచుట్టలా చుట్టుకుపోతాయి.

ఇంతా చేశాక కూడా నూటికి తొంభై కణాలకు అటూ ఇటూగా గుండ్రటి కేంద్రకాలతోనే కనిపిస్తాయి. కణం తన ఆయుష్షులో ఎక్కువ కాలం అంతరదశలోనే, అంటే రెండు విభజనల మధ్య కాలంలోనే, గడుపుతుంది కాబట్టి అది మీ లోపం కాదు. ఆ తొంభై మధ్యన మధ్యస్థదశలో, అంటే క్రోమోజోములు కణం నడుమ వరుస కట్టిన దశలో, ఉన్న ఒక్క కణం దొరికి, అందులో 16 క్రోమోజోములు లెక్కకు వస్తే, రికార్డులో ఆ ఒక్కదాన్నే వేయండి.

ప్రశ్న: బెంథామ్, హుకర్ వర్గీకరణ కాలం చెల్లినదని అంటూనే మాకు ఇంకా దానినే బోధిస్తున్నారు. ఎందుకు?
– డిగ్రీ విద్యార్థి, ఏలూరు

సమాధానం: బీరువాల వల్ల. బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్తలు బెంథామ్, హుకర్ 1862, 1883 మధ్య వెలువరించిన ఆ మొక్కల వర్గీకరణ వరుసలోనే మన దేశపు హెర్బేరియాలలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోట్లలో) షీట్లు సర్దారు, పాత వృక్షజాల గ్రంథాలు రాశారు. ఆ వరుస తెలియని విద్యార్థి బీరువా తలుపు తీసి ఏ అరలో చేయి పెట్టాలో తెలియక నిలబడిపోతాడు. అయితే చెట్ల బంధుత్వాలు తెలుసుకోవడానికి ఇప్పుడు డి.ఎన్.ఎ. ఆధారంగా నిర్మించిన ఎ.పి.జి. (పూల మొక్కల వంశక్రమాన్ని పరిశోధించే శాస్త్రవేత్తల బృందం) వర్గీకరణే ప్రమాణం, దాని నాలుగో రూపం 2016లో వచ్చింది. అందులో జిల్లేడు గన్నేరు కుటుంబంలో కలిసిపోయింది, బూరుగ మందార కుటుంబంలో చేరింది, టేకు వెళ్లి తులసి పక్కన కూర్చుంది. రెండూ నేర్చుకోండి: ఒకటి బీరువా తెరవడానికి, రెండోది బంధువులను గుర్తుపట్టడానికి.

ప్రశ్న: మా అమ్మాయి బి.ఎస్సీ. వృక్షశాస్త్రం చదువుతోంది. ఇంట్లో ఏ పరుపు ఎత్తినా కింద న్యూస్‌పేపర్లూ ఎండుటాకులే. ఫోనులో ఫోటో తీస్తే మొక్క పేరు చెప్పే యాప్‌లు వచ్చిన ఈ రోజుల్లో ముప్పై హెర్బేరియం షీట్లు చేయించడం దేనికి?
– ఒక తండ్రి, వరంగల్లు

సమాధానం: ముందుగా మీ పరుపులను కాపాడే మార్గం చెబుతాను. పరుపు కింద గాలి ఆడక ఆకులు నల్లబడతాయి, వానాకాలమైతే బూజు పడతాయి. రెండు ప్లైవుడ్ పలకలు, ఒక గట్టి తాడు కొనివ్వండి. కాగితాల మధ్య మొక్కలు పెట్టి, పలకల మధ్య బిగించి, మొదటి నాలుగైదు రోజులు ప్రతిరోజూ కాగితాలు మార్చమనండి. మార్చిన కాగితాలను ఎండలో ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. కలబంద వంటి కండగల మొక్కలను ముందు మరిగే నీళ్లలో ఒకసారి ముంచి తీయాలి. లేకపోతే కాగితాల మధ్యన కూడా అవి చిగుళ్లు వేస్తాయి.

యాప్ మాటకు వస్తే, తోటల్లో పెంచే మొక్కలనూ దారి పక్కన తరచుగా కనిపించే వాటినీ అది బాగానే గుర్తుపడుతుంది. గడ్డిజాతుల దగ్గర, తుంగల దగ్గర తడబడుతుంది. అక్కడ తేడా అంతా గింజంత కంకిభాగంలో, సూదితో విప్పితే తప్ప కనిపించని పొలుసుల్లో ఉంటుంది. అంతకంటే ముఖ్యమైనది, యాప్ చెప్పిన పేరు తప్పయితే దానిని దిద్దడానికి మీ చేతిలో మిగిలేది ఒక ఫోటో మాత్రమే. ఎండబెట్టిన కొమ్మ ఉంటే వందేళ్ల తరువాతి వారు కూడా పువ్వును నీళ్లలో నానబెట్టి విప్పి చూడగలరు, ఆకు ముక్క నుంచి డి.ఎన్.ఎ. తీయగలరు. హౌరాలోని కేంద్రీయ జాతీయ హెర్బేరియంలో సుమారు 20 లక్షల షీట్లు, లండన్ దగ్గరి క్యూ ఉద్యానంలో సుమారు 70 లక్షల షీట్లు దాచింది ఇందుకే. తుమ్మ, జమ్మిల పేర్ల తగవు ఎటు తేలినా, పేరు మాత్రం చివరికి ఏదో ఒక బీరువాలోని నమూనాకో, దాని బొమ్మకో కట్టిన చీటీయే.

ఆ చీటీ దగ్గరే మన విద్యార్థులు తేలిపోతారు. నా దగ్గరికి వచ్చే షీట్లలో అతికించడం ముచ్చటగా ఉంటుంది, లేబుల్ మీద మాత్రం ‘స్థలం: కాలేజీ ఆవరణ’ అని ముప్పై సార్లు ఉంటుంది. సీనియర్ల షీట్ల మీద కొత్త లేబుల్ అంటించినవి వేలితో తడిమితే తెలిసిపోతాయి. కింద పాత జిగురు గట్టు తగులుతుంది. మీ అమ్మాయితో ఇలా రాయించండి: తేదీ, ఊరు, చెరువు గట్టా పొలం గట్టా, మొక్క ఎత్తు, విరిగితే పాలు కారుతాయా, పువ్వు తాజాగా ఉన్నప్పటి రంగు, వాసన. శంఖుపువ్వు నీలం ఎండితే మాసిపోతుంది, అప్పుడు చీటీ ఒక్కటే సాక్ష్యం. పువ్వుగానీ కాయగానీ లేని కొమ్మను తేవద్దని చెప్పండి. అడవిలో అనుమతి లేకుండా కోయడం నేరం, అరుదైన మొక్కను కోయడం పాపం కూడా. కలుపు మొక్కలతోనే ముప్పై షీట్లు తేలికగా నిండుతాయి. పూర్తయిన షీట్లకు పురుగు పట్టకుండా ప్లాస్టిక్ కవరులో మూసి ఒక వారం ఫ్రీజరులో ఉంచితే సరిపోతుంది, మీ ఇంటి ఇల్లాలు ఒప్పుకుంటే. పాత హెర్బేరియాలలో పురుగు పట్టకుండా పాదరసపు లవణం పూసేవారు. అటువంటి షీట్లు తాకినప్పుడు చేతులు కడుక్కోకుండా అన్నం తినవద్దని మరీ మరీ చెప్పండి.

ప్రశ్న: శాస్త్రీయ నామాలన్నీ లాటిన్, గ్రీకు మాటలే. మన తెలుగు పేర్లకు శాస్త్రంలో చోటు లేదా?
– తెలుగు ఉపాధ్యాయిని, కాకినాడ

సమాధానం: మీరు ఆ ప్రశ్న అడిగిన ఊరి పక్కనే సామర్లకోట ఉంది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 18వ శతాబ్దం చివరిలో అక్కడే తోట పెంచి, మొక్కలు సేకరించి, స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. 1787 నాటి తుపాను ఉప్పెనలో సేకరణలూ పుస్తకాలూ పోగొట్టుకుని, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. 1793లో కలకత్తా ఉద్యానానికి అధిపతిగా వెళ్లాడు. ఆయన వేయించిన బొమ్మలు రెండున్నర వేలకు పైగా ఉన్నాయి. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన రచన 1795 నుంచి భాగాలుగా వెలువడింది. మొక్క వర్ణనతో పాటు తెలుగు పేరు కూడా నమోదు చేయడం ఆయన అలవాటు. మన కొండల్లోని తంబజాలారికి ఆయన పెట్టిన జాతిపేరు తుంబుగ్గయా. అందులో తెలుగు మాట నేటికీ వినిపిస్తుంది. జ్వరానికి బెరడు వాడే సోమిద చెట్టయితే ప్రజాతి పేరుగానే నిలిచింది: సొయ్‌మిడా ఫెబ్రిఫ్యూజా. ఇంటిపేరు మనది, ‘జ్వరాన్ని పారదోలేది’ అన్న అర్థమున్న రెండో మాట లాటిన్. ఆ పేర్లు ఆయనకు చెప్పిన చెట్లెక్కేవారు, మూలికలు ఏరేవారు, బొమ్మలు వేసినవారు ఎవరన్నది మాత్రం పుస్తకాల ముఖపత్రాల మీదికి రాలేదు. తెలుగు మాటలకు శాస్త్రంలో చోటు ఉంది గానీ, ఆ మాటలు చెప్పిన నోళ్లకే లేకపోయింది.

ప్రశ్న: ఎం.ఎస్సీ. తరువాత జె.ఆర్.ఎఫ్. (జూనియర్ పరిశోధక ఫెలోషిప్) వచ్చింది. ఒక గైడుగారు ‘ఔషధ మొక్కల ఆకు రసంతో వెండి నానోకణాలు’ అనే అంశం తీసుకుంటే త్వరగా పూర్తవుతుందంటున్నారు. నాకేమో మా జిల్లా మొక్కల మీద పని చేయాలని ఉంది. ఇంట్లో పెళ్లి మాటలు కూడా నడుస్తున్నాయి. ఏం చేయమంటారు?
– పరిశోధక విద్యార్థిని, శ్రీకాకుళం

సమాధానం: అమ్మా, ముందుగా లెక్కలు. 2023 జనవరి నుంచి జె.ఆర్.ఎఫ్. నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తరువాత పని మదింపు చేసి ఎస్.ఆర్.ఎఫ్. (సీనియర్ ఫెలోషిప్) ఇస్తే 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. 2022 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం పి.హెచ్‌డి.కి కనీస గడువు మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. మహిళలకు మరో రెండేళ్ల సడలింపు, 240 రోజుల వరకు ప్రసూతి సెలవు ఉన్నాయి. పెళ్లి మాటలు మాట్లాడే పెద్దల ముందు ఈ అంకెలు కాగితం మీద రాసి పెట్టండి. పెళ్లయితే చదువు ఆగాల్సిన అవసరం నిబంధనల్లో ఎక్కడా లేదు.

అంశం గురించి నా మాట కాస్త కటువుగానే ఉంటుంది. నానోకణాల పని చెడ్డది కాదు. ఒక ఆకు రసం, ఒక వెండి లవణం, రంగు మారిన ఫోటో, కొన్ని గ్రాఫులు, ఆపైన బాక్టీరియా పెరగని వలయాలు అన్న వరుసలో వచ్చిన థీసిస్‌లు ఎన్ని చదివానో నాకే లెక్క తెలియదు. వాటిలో మొక్క పేరు మార్చి చదివినా వాక్యాలు మారవు. ఒకసారి వైవాకు వెళ్లినప్పుడు నేల ఉసిరి మీద చేసిన అటువంటి పని ఒకటి నా ముందుకు వచ్చింది. మొక్కను ఎవరు గుర్తించారు, నమూనా ఎక్కడ భద్రపరిచారు అని అడిగాను. అభ్యర్థి ప్రయోగశాల అరలో నుంచి పాలిథిన్ సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎండిన కాయ ఒకటి తీసి భూతద్దం కింద చూస్తే పైన గరుకు బుడిపెలున్నాయి, తొడిమ లేనట్లే ఉంది. థీసిస్‌లో రాసుకున్న ఫిల్లాంథస్ అమారస్ కాయకు సన్నటి తొడిమ ఉంటుంది, పైభాగం నున్నగా ఉంటుంది. ఆయన చేతిలో ఉన్నది ఫిల్లాంథస్ యూరినేరియా. దానిని మన పల్లెల్లో కొన్నిచోట్ల ఎర్ర ఉసిరి అని వేరుగానే పిలుస్తారు. నాలుగేళ్ల పని, ఖరీదైన యంత్రాల మీద తీసిన కొలతలు, అన్నీ వేరే మొక్కవి. ఆ గదిలో ఆ రోజు ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. దిద్దుబాట్లతో డిగ్రీ వచ్చింది. నాకు మాత్రం ఆ సంచి ఇంకా కళ్ల ముందు కదులుతుంది. సంతలో కొన్న మూలికతోనో, పెరటి మొక్కతోనో పని మొదలుపెట్టే ప్రతి ప్రయోగశాలకూ ఆ ప్రమాదం పొంచి ఉంటుంది. ఒక్క హెర్బేరియం షీటు, దాని మీద ఒక సంఖ్య, గుర్తించిన వారి సంతకం ఉంటే ఆ తప్పు మొదటి వారంలోనే బయటపడేది.

మీ జిల్లా మొక్కల పనికి తూర్పు కనుమలున్నాయి, తీరం ఉంది, చిత్తడి నేలలున్నాయి. అయితే ‘ఫలానా జిల్లా వృక్షజాలం’ అని జాబితా చేసి ఊరుకోకండి. అటువంటి జాబితాలు కొన్ని ఇప్పటికే ఉంటాయి. ఏదో ఒక కష్టమైన కుటుంబాన్ని, తుంగలనో గడ్డినో తీసుకుని నాలుగు రుతువులూ తిరగండి. ఒక ప్రశ్న పెట్టుకోండి: ఉప్పునీటి కయ్యలు రొయ్యల చెరువులైన చోట ఏ తుంగలు మిగిలాయి, ఏవి పోయాయి? దీనికి అటవీశాఖ అనుమతి, తోడు వచ్చే మనిషి, వాహన ఖర్చు కావాలి. వీటి గురించి గైడును మొదటి రోజే అడగండి. చేరబోయే ముందు ఆయన దగ్గర ఇప్పటికే చేస్తున్న విద్యార్థినితో క్యాంటీన్‌లో ఒక అరగంట కూర్చోండి. సినాప్సిస్ ఇచ్చాక గైడు చాప్టర్లు ఎన్నాళ్లకు తిరిగి ఇస్తారో, క్షేత్ర పర్యటనకు తానూ వస్తారో రారో ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ప్రశ్న: వృక్షశాస్త్ర విద్యార్థి సొంత డబ్బుతో మొదట కొనవలసిన పరికరం ఏది?
– డిగ్రీ విద్యార్థి, మదనపల్లె

సమాధానం: పది రెట్లు పెద్దదిగా చూపే మడత భూతద్దం. మెడలో వేసుకోవడానికి ఒక తాడు కూడా. అద్దాన్ని మొక్క దగ్గరకు కాదు, కంటికి ఆనించి పట్టుకుని, మొక్కను మరో చేత్తో అద్దం దగ్గరకు తేవాలి. చాలామంది దీనిని తిరగేసి చేస్తారు. కొన్న రోజే గట్టు మీది గడ్డిచేమంతి పువ్వు ఒకటి కోసి నిలువునా చీల్చి చూడండి. అది ఒక పువ్వు కాదని, అంచున తెల్లటి రేకుల పూలు, మధ్యలో పసుపు గొట్టాల పూలు కలిసి పదుల సంఖ్యలో ఉన్నాయని కనిపిస్తుంది. వాటిని లెక్కపెట్టి, ఏ గట్టు మీద కోశారో, ఏ రోజు కోశారో రాసి నాకు పంపండి.